ఇతరములు

దరఖాస్తులో నా పనికి గడి లేదు.
కుట్టుపనికి ఉంది, టీకొట్టుకి ఉంది,
మేకలకీ అప్పడాలకీ ఉంది.
పర్లాకిమిడి కదా,
కొమ్ముతో కొంగల్ని చెక్కేవాళ్ళకి వేరే వరసే ఉంది.
వెన్ను సర్దేవాళ్ళకి లేదు.

గుమస్తా పెన్ను మూత కొరుకుతూ
"డాక్టరా?" అన్నాడు ఒడియాలో.
కాదన్నాను తెలుగులో.
"మాలిషా?"
కాదన్నాను, కాస్త గట్టిగానే.
"మరేటి?" ఈసారి తెలుగే.
విశాఖలో పద్నాలుగు నెలలు నేర్చుకున్న మాట చెప్పాను,
కైరోప్రాక్టిక్.
ఒడియాలో రాయబోయి, సగంలో కొట్టేసి,
ఇతరములు అని రాసుకున్నాడు.

మా నాయనమ్మ జోగమ్మకి ఈ గడుల గొడవ లేదు.
మహేంద్రతనయ ఒడ్డున బండ మీద కూచోబెట్టి
వెదురు దబ్బలు, మినప్పిండి, గుడ్డు సొన.
"నలభై రోజులు కదిపేవంటే
ఈ కర్రే నీకు కాలు" అనేది.
కూలి తవ్వెడు చోళ్ళు.
వెన్ను మాత్రం ఏనాడూ ముట్టలేదు.
అది దేవుడు సిమెంటు లేకుండా పేర్చిన ఇటుకలట,
ఒకటి లాగితే ఇల్లు దిగిపోద్దట.
ఆ భయం నాకూ వచ్చింది, అందుకే చదివాను.
పద్నాలుగు నెలల్లో సగం
ఏది ముట్టకూడదో నేర్చుకోడానికే సరిపోయింది.

నాకు నలభై మూడేళ్ళు.
యాభైవేల లోపు అడిగితే ఈ ముద్ర లోనులో శిశువు అంటారు.
నేనడిగింది లక్షా ఎనభై,
అంచేత కిశోరాన్ని.
తాకట్టు వద్దట, పూచీ సర్కారుదట.
నాకు పూచీ ఉండమంటే
మా మేనమామే బస్సెక్కి పోయాడు.

మేనేజరు బిసోయి బాబు
ఎడమవైపు ఎవరైనా పిలిస్తే
కుర్చీతో సహా తిరుగుతాడు.
నా కాగితాలు చూస్తూ చూస్తూ
చెయ్యి మెడ వెనక్కి పోయింది.
"ఒక్కసారి చూడమ్మా" అన్నాడు.
చూడక్కర్లేదు, ఎక్కడ బిగిసిందో
ఇవతల నుంచే నా వేళ్ళకి తెలిసిపోయింది.
చేతులు ఒళ్ళో దాచుకున్నాను.
"మీ సంతకం అయ్యాక, సార్."
గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.
బేరంలా వినిపించిందని
మెట్లు దిగుతుంటే గానీ తట్టలేదు.
నేనన్నది దానికి తిరగేసి.
ఇప్పుడు ముడితే అది లంచం సార్ అని
వెనక్కెళ్ళి చెప్పడానికి
ఏ భాషా సరిపోలేదు.

పదకొండు వారాలు.
ఆధార్‌లో పాతపట్నం, కొట్టేమో ఇటు,
మధ్యలో ఓ చెక్‌పోస్టు, రెండు సర్కార్లు.
అద్దె కాగితం మళ్ళీ రాయించాను,
ఫోటో చెవులు కనిపించేలా మళ్ళీ తీయించాను.
ఒక బుధవారం ఫోను కిర్రుమంది.
డబ్బు పడింది.

మర్నాడే బ్యాంకుకెళ్ళాను, ఒట్టి చేతులతో.
బిసోయి బాబుకి కొరాపుట్ బదిలీ,
సోమవారమే వెళ్ళిపోయాడట.
ఆయన ఆఖరి సంతకాల కట్టలో నాదొకటి.
కొత్తాయన మెడ నిటారుగా ఉంది.

బల్ల లారీలో వచ్చింది.
మొదటి నాలుగు రోజులూ దాని మీద నేనే పడుకున్నాను.
అయిదో రోజు ఇసాకు రయితా వచ్చాడు,
జీడిపిక్కల గోనెలు మోసేవాడు.
చొక్కా విప్పమంటే సిగ్గుపడ్డాడు.
నడుం దగ్గర రెండు చోట్ల నొక్కి
మూడో చోటికి వెళ్ళేలోపే
బోర్లా పడుకున్నవాడు నిద్రపోయాడు, గురకతో.
లేపలేదు.
నెలకి వాయిదా మూడువేల తొమ్మిదివందల పద్నాలుగు.
ఆ నిద్రకి ఎంత అడగాలో
ఇంకా తేల్చుకోలేదు.

బయట రాయగడ బస్సు హారను కొట్టింది.
అక్కడి నుంచి పైకి, కొరాపుట్ దాకా
ఘాటు రోడ్డే అంటారు.
ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా
బస్సులో సీటు తిరగదు కదా,
ఆయన ఎలా వెళ్ళాడో.