ముందుకు జరిపిన బండి

కాశీనగర్ దాటాక మా హాల్ట్.
ఒక రేకు, ఒక బల్ల,
కమీషన్ మీద టికెట్లమ్మే నేను.

జూలై ఒకటి నుంచి బండి ఆరూ ఇరవై ఐదుకే.
కొండ మీది జీపు దిగేది ఆరూ నలభైకి.
మధ్యలో పావుగంట ఎవరి ఖాతాలోదో
అంటించిన కాగితంలో లేదు.

సుకాంతి గొమాంగో అనాసకాయల తట్ట దించి
ఖాళీ పట్టాలకేసి చూసి
"ఏటి బావూ, మనకంటే ముందే లేచీసిందా?" అంటది.
మధ్యాహ్నానికి పళ్లు కారి
బల్లకాళ్ల వెంబడి చీమలు.

ఫిర్యాదు పెట్టాం.
ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి,
హిందీది మాస్టారు రాసిచ్చారు.
మూడు నెలలకి పరిశీలన అధికారి వచ్చారు,
కారులో.

"ఇబ్బంది పడినవారి సంఖ్య?"
అమ్ముడుపోని టికెట్ల కట్ట ముందు పెట్టాను.
బొటనవేలితో తిరగేసి
"ఇవి ఎక్కనివాళ్లవి కదా,
ఎక్కినవాళ్ల లెక్క చూపించండి" అన్నారు.
సుకాంతి కాయ కోసి ఉప్పూకారం అద్ది ఇచ్చింది.
బాగుందన్నారు.
అది రాసుకోలేదు.

నిన్న నోటీసు:
విచారణ విశాఖలో, రేపు మధ్యాహ్నం రెండింటికి.
సాక్షి రాకపోతే అర్జీ కొట్టివేత.

సాక్షి పొద్దుండగానే కొండ దిగి వచ్చేసింది.
తట్ట తలకింద పెట్టుకుని
బల్ల మీద నిద్రపోతోంది.
దోమల చుట్ట రెండోది వెలిగించాను.
నాకు నిద్ర రాదు,
రాత్రికి రాత్రి మళ్లీ టైము మార్చి ఉంటారేమోనని
సిగ్నలు వైపే చూస్తున్నాను.