పదిహేడు దగ్గర

బతికాడు కదా, అంటారు.
బరంపురం వీధి వీధంతా అదే మాట.

బస్టాండు వెనక మూతపడ్డ టిక్కెట్ల గదిలో
సూది పక్కన, కాలు కింద కాలు మడిచి
పదకొండు గంటలు పడున్నాడు మా దండాసి.
నీలమెక్కిన పెదాలకి ఊపిరి తెచ్చారు పెద్దాసుపత్రిలో.
ఒంటేలు మాత్రం మూడ్రోజులు
డికాషన్ రంగులో దిగింది సంచిలోకి.
కాలు సంగతి ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఎడమ పాదం లేవదు.
నేలకి కొట్టుకుంటుంది, టప్.
కాస్సేపాగి, టప్.
గుంటలో దిగి మగ్గం తొక్కడానికి
ఆ కాలే కావాలి.

కుంభం అంచుకి పోగుల లెక్క తాత నేర్పింది,
ఒకప్పుడు నిద్రలోనూ అప్పజెప్పేవాడు.
మొన్న పదిహేడు దగ్గర ఆగిపోయాడు.
ఒడియాలో మళ్ళీ మొదలెట్టాడు,
అందులోనూ పదిహేడే.
"తర్వాతేటి, అక్కా?"
ఆడపిల్లనని
నాకు ఆ లెక్క నేర్పలేదు తాత.

మిగిలిన పట్టు పోగులు పేని
బొటనవేలి నుంచి మోకాలి దాకా కట్టాను.
పాదం కొంచెం లేచింది.
"తోలుబొమ్మని చేసేసేవే" అని నవ్వాడు,
నవ్వుతూ దగ్గాడు, దగ్గు ఆగలేదు.
ఆ రోజు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందట.

ఆసుపత్రి చీటీలో ఒకటే ముక్క:
కోలుకున్నాడు, ఇంటికి పంపాం.
మడతల దగ్గర చిరుగుతోంది అది.

రాత్రిళ్ళు దొడ్లోకి వెళ్తుంటే టప్, టప్.
మొదట్లో చెవులు మూసుకునేదాన్ని.
ఇప్పుడా చప్పుడు ఆలస్యమైతే
దీపం వెయ్యకుండానే లేచి
తడుముకుంటూ వెళ్తాను.