సమర్థుడైన కాపలాదారు

రాత్రి పదకొండు దాటినంక
ట్రైలర్ల రాకడ తగ్గుతది.
రిజిస్టర్ కింద దాచిన జిరాక్సు పుస్తకం
అప్పుడు మీదికొస్తది.
ఎం.ఏ. క్రిమినాలజీ, రెండో ఏడు, దూరవిద్య.
ఎంత దూరమంటే
షార్జా ఎడారి అంచున, సజా గోదాముల నడుమ,
ఏసీ నీళ్లు బకెట్ల కారే ఈ రేకుల క్యాబిన్ అంత.

మూడో యూనిట్‌ల ఉన్నది:
నేరం జరగాలంటే మూడు ఒక్కకాడ కూడాలె.
చెయ్యాలనుకున్నోడు,
చేతికందే సొమ్ము,
ఇగ మూడోది, సమర్థుడైన కాపలాదారు లేకపోవుడు.
చదివి నా యూనిఫాం దిక్కు చూసుకున్న.
భుజం మీద కంపెనీ పేరు దారాలు లేస్తున్నది.
ఎక్కడి పంతులో ఏమో
నా డ్యూటీ గురించి సిద్ధాంతం రాసిండు,
పన్నెండు గంటలని మాత్రం రాయలె.

క్యాంపుల నా కింది మంచం పోశెట్టిది.
షట్టరింగ్ పని. గోళ్లల్ల సిమెంటు.
“గిది చదివితే జీతం పెరుగుతదా?”
పెరగదన్న.
“మరి నేరమంటే ఏందని ఉన్నది అండ్ల?”
చట్టం నేరమన్నదే నేరమని చెప్పిన,
మొదటి యూనిట్, మొదటి పేజీ.
గోడ దిక్కు మర్లిండు.
చానాసేపటికి, నిద్రలనో మెలకువలనో,
“అననిదో?” అని అడిగిండు.

మార్చి జీతం రాలె. ఏప్రిల్ రాలె.
మే నెలల సూపర్‌వైజర్ ఫోన్ ఎత్తుడు బంద్ చేసిండు.
జూన్‌ల ఎండకు మధ్యాహ్నం పని ఆపిన్రు,
జీతం అంతకుముందే ఆగి ఉండె.
జూలై సంగతి ఎవరూ అడగలె.
పాస్‌పోర్టులు మాత్రం ఆఫీసు లాకర్‌ల భద్రం.
వాటికి మంచి కాపలా ఉన్నది.

ఆగస్టుల ఒకనాటి రాత్రి, రెండు నలభైకి,
ఆరో కెమెరాల
గోడవారగ వంగిన వీపు.
టార్చి కొట్టి “కౌన్ హై” అన్న.
రాగి కేబుల్ చుట్ట, ముప్పై మీటర్లుంటదేమో,
చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని
పోశెట్టి.

పుస్తకంల బొమ్మ ఉన్నది, త్రిభుజం.
వాడు, నేను, నడుమ రాగి.
ఇసుకగాలి చిన్నగ లేచి పడ్డది.
“పెట్టెయ్” అన్న.
పెట్టిండు.
ఎక్కడిది అక్కడ, లేబుల్ పైకి కనపడేటట్టు,
పనిమంతుడు గద.

రిజిస్టర్‌ల గళ్లు: టైము, స్థలం, వస్తువు, విలువ, అనుమానితుడు.
ఎందుకు అనే గడి లేదు.
రెండు నలభై, నాలుగో గేటు, పిల్లి
అని రాసి సంతకం పెట్టిన.
ఎవరూ రిపోర్టు చెయ్యని నేరాలను
మా పుస్తకం చీకటి లెక్క అంటది.
ఆ లెక్కల ఒక పిల్లిని కలిపిన.
పొద్దున బస్సుల చెవుల చెప్తే
పోశెట్టి ఏం అనలె,
ఖుబూస్ చింపి పెద్ద ముక్క నా దిక్కు జరిపిండు.

అసైన్‌మెంట్‌ల ఐదో ప్రశ్న, పది మార్కులు:
సిద్ధాంతమును ఉదాహరణతో వివరింపుము.
చెయ్యాలనుకున్నోడికాడ కంపెనీ పేరు రాసి,
కొట్టేసి, ‘యజమాని’ అని దిద్దిన.
చేతికందే సొమ్ము: నూట నలభై మందివి ఐదు నెలల కూలి.
మూడోదానికాడ పెన్ను ఆగింది.
కాపలాదారు లేడని రాద్దామంటే
గేటుకాడ నేనుంటిని.
ఆ తెల్ల కారు వచ్చిన ప్రతిసారి
అడ్డకట్టె లేపి సలాం కొట్టింది నేనే.
అదే రాసిన. గేటు నంబరుతో సహా.

నాలుగు మార్కులొచ్చినయి.
అంచున ఎర్ర సిరా:
‘మూడవ అంశము స్పష్టముగా లేదు.’

పోశెట్టికి చూపించిన.
“నాలుగంటే పాసేనా?”
కాదన్న.
బూట్లల్ల ఇసుక దులుపుకుంట
“మళ్ల రాయి,” అన్నడు,
“ఈసారి పిల్లి సంగతి గూడ రాయి.”