మాటాడేంత వేగం

నా బూట్లు బల్ల మీద బోర్లించింది డాక్టర్ వకుళ.
చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్లను చూశాను గానీ
అరిగిన అడుగును ఇంత ఇదిగా చదివే మనిషిని
చూడ్డం అదే మొదలు.
"ఆటోనగర్లో మీ పని ఇదే కదా మస్తాన్ గారూ,
మీరే చెప్పండి."

చెప్పాను.
కుడిది బయటి అంచున తినేసింది.
టైరు ఇలా అరిగితే తప్పు టైరుది కాదు,
రోడ్డుదీ కాదు,
పైన ఎక్కడో ఒక బోల్టు మనసు మార్చుకుని ఉంటుంది.

నవ్వి, నా తుంటి దగ్గర వేలు పెట్టింది.
అక్కడ నొప్పి లేదన్నాను.
"అందుకే మోకాలు మోస్తోంది" అంది.

కృష్ణలంక గోడ పక్కన ఆదివారం అయిదింటికి క్లాసు.
ఒక బ్యాంకు ఆవిడ, కానిస్టేబుల్ పరీక్షకు పోయే ఇద్దరు కుర్రాళ్లు,
షుగరొచ్చిన స్వీటు కొట్టాయన, నేను, ఇంకో ఆరుగురు.
బ్యారేజీ దీపాలు ఇంకా ఆర్పలేదు.
బస్టాండు వైపు నుంచి ఎవరో డ్రైవరు గొంతు సవరించుకున్నట్టు హారను.
డాక్టరమ్మ స్టెతస్కోపు తేలేదు.
"పక్కవాళ్లతో మాటాడుతూ పరిగెత్తగలిగితే అదీ మీ వేగం.
మాట తెగితే వేగం తగ్గించండి,
మాట తగ్గించకండి."

నాకేం మాటలొచ్చు!
టైర్ల రేట్లు చెప్పుకుంటూ పరిగెత్తాను.
లారీవి, ట్రాక్టరువి, రీట్రెడ్ చేసినవి.
రామలింగేశ్వర నగర్ వచ్చేసరికి రేట్లయిపోయాయి.
ఊపిరి ఇంకా మిగిలింది.
అప్పుడు, ఎవరూ అడక్కుండానే వచ్చింది
మా తమ్ముడు జిలానీ పేరు.

ముప్పై ఎనిమిదేళ్లు.
లారీ కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుని,
ఛాయ్ చెప్పి,
ఛాయ్ వచ్చేలోగా.
నలభయ్యో రోజు ఫాతెహా అయిన మర్నాడే
నేను పరుగు మొదలెట్టాను,
అప్పులోడెవడో వెంటపడ్డట్టు.
మూడు నెలలకి మోకాలు పట్టేసింది.

ఇదంతా మధ్య మధ్య గాలి పీల్చుకుంటూ చెప్పాను.
స్వీటు కొట్టాయన ఏమీ అనలేదు.
వేగం తగ్గించాడు, అంతే.
కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని నడుస్తున్న ముసలమ్మ ఒకామె
మమ్మల్ని దాటిపోతూ
"ఆగారా నాయనా, పరిగెడుతున్నారా?" అంది.

మే నెలంతా ఎవర్నీ పరిగెత్తనివ్వలేదు డాక్టరమ్మ.
"బెజవాడ ఎండతో పందెం కట్టేంత చదువు నేను చదవలేదు" అని
గోడ నీడన ఒంటికాలి మీద నిలబడటం నేర్పింది.
నిలబడటం! నలభై ఆరేళ్లకి.
గ్యారేజీలో కంప్రెసర్ నిండేదాకా
కుర్రాళ్లు పళ్లికిలిస్తుంటే
కొంగలా నేను.

మొన్న ఆమె పుస్తకం వచ్చింది. పల్చటిది,
అట్ట మీద ఒక అరిగిన బూటు.
నలభై రెండో పేజీలో ఒక మెకానిక్.
పేరు లేదు. టైరు మాట మాత్రం నాదే,
బోల్టు మనసు మార్చుకోవడం కూడా.
జిలానీ ఊసు ఎక్కడా రాయలేదు.
ఆ రాయని చోట పుస్తకం మూసి
కాసేపు కూర్చున్నాను.

ఒకటే తప్పు.
ఎడమ మోకాలని రాసింది.
పెన్సిలు తీసి దిద్దబోయి
ఆగాను.
రేపు ఆదివారం.
ఏటి పక్కన చెప్పడానికి
ఒక మాట ఉండాలి కదా.