చిన్న ఉల్లిపాయలు

ఏలియా పోయిన మూడోరోజు
జేబులో మూడు వచనాలు మడిచి పెట్టుకుని
వ్యాసర్‌పాడి వంతెన దిగాను.

వరండా నిండా జనం.
"దేవుని చిత్తమమ్మా" అని ఎవరన్నా
సువార్తమ్మ కొంగు కొస
ఇంకాస్త బిగించి పట్టుకుంటోంది.

రాహేలు పిన్ని వచ్చింది.
చెప్పులు విడిచి, పక్కన చతికిలబడి,
చాటలో ఎవరో వదిలేసిన
చిన్న ఉల్లిపాయలు ఒలవసాగింది.
ఒక ఎలక్ట్రిక్ రైలు పోయింది.
కాసేపటికి ఇంకోటి.
పొట్టు ఫ్యాను గాలికి గదంతా తిరిగింది.

లేస్తూ అంది:
"రేపు నీళ్ల లారీ వస్తే
నీ బిందెలూ నేనే పట్టి పెడతాలే."

అప్పుడేడ్చింది సువార్తమ్మ,
మూడు రోజుల్లో మొదటిసారి.

"ప్రార్థన చెయ్యండయ్యగారూ" అన్నారు.
కళ్లు మూసుకున్నాను.
మరో రైలు వచ్చి పోయేదాకా వెతికినా
ఆమెన్ ఒక్కటే దొరికింది.