ఇతరం

ఫోను అడిగే ప్రశ్నలు నేనే రాస్తాను,
వల్పరైసోలో, సముద్రం కనబడని ఒకే ఒక్క గదిలో కూర్చుని.
"ఇప్పుడు తినాలనిపించడానికి కారణం?"
ఆకలి. దిగులు. కోపం. విసుగు. అలవాటు. ఇతరం.
ఆరు గడులు.
ఆరింట్లో ఏ మనిషైనా ఇమిడిపోతాడనుకున్నాను.

హెర్మిండా ఓయార్సూన్
రాత్రి పదకొండూ నలభైకి "ఇతరం" నొక్కుతుంది.
నలభై మూడు రాత్రులు, వరసగా.
నా పట్టికలో అదొక పొరపాటులా మినుకుమినుకుమనేది.

కొండ మీదికి జనాన్ని లాగే పెట్టెబండిని నడుపుతుందామె.
టికెట్ల గది తలుపు ఇరుకు, పక్కకు తిరిగి లోపలికి దూరుతుంది.
వరసలో ఉన్నవాళ్ళు సరిగ్గా అప్పుడే
చిల్లర లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు.
నలుగురు డాక్టర్లు ఆమెకు తినకూడనివాటి చీటీ ఇచ్చారు.
ఐదో ఆయన, నిబాల్దో కార్కమో,
చీటీ ఇవ్వలేదు, కళ్ళకు బరువైన అద్దాలపెట్టె తొడిగాడు.

లోపల ఓ గది. గదిలో ఏడుస్తూ ఓ పిల్ల.
"ఓదార్చండి" అన్నాడు.
ఎంతసేపటికో గానీ నోరు పెగల్లేదట.
"రొట్టె ఉంది, ఇంకా వేడిగానే ఉంది, రా."
అప్పుడు చోట్లు మారతాయి, అది మేం చేసిన కిటుకు.
ఇప్పుడు ఆమే ఆ పిల్ల.
ఎదురుగా పెద్దామె, ఆమె గొంతుతోనే
ఆమెనే పిలుస్తోంది:
రొట్టె ఉంది, రా.

అద్దాల లోపలి స్పాంజి ఆరడానికి రెండు రోజులు పట్టింది.

ఆ రాత్రి "ఇతరం" పక్కనున్న ఖాళీలో మొదటిసారి రాసింది:
"ఎనిమిదేళ్ళప్పుడు భూమి కదిలింది. దీపాల్లేవు.
మా వీధిలో బేకరీ పొయ్యి ఒక్కటే మిగిలింది.
తెల్లవార్లూ ఊరికే పంచాడు ఆయన.
అమ్మ చేతులు వణుకుతూనే నా నోట్లో ముక్క పెట్టింది.
మింగాను. నేల ఆగింది.
అప్పట్నించీ ఏది కదిలి"

అక్కడ తెగిపోయింది.
అక్షరాలకు హద్దు పెట్టింది నేనే.

హద్దు తీసేశాను. ఆ ఊపులోనే
అరకిలో తగ్గితే చప్పట్లు కొట్టే ఆకుపచ్చ బొమ్మనూ తీసేశాను,
ఎవరడిగారు దాన్ని!

నిన్న ఆమె బండెక్కాను. నేనెవరో చెప్పలేదు.
ఇదెలా ఎక్కుతుందని అడిగితే నవ్వింది:
"దిగే పెట్టె బరువే ఎక్కేదాన్ని లాగుతుంది.
బరువంటూ లేకపోతే పైకెవరొస్తారు?"
ఆమె గీత నాకు తెలుసు. రెండు కిలోలు దిగింది,
ఒకటి మళ్ళీ ఎక్కింది.
నోరు మూసుకుని కిందున్న రేవు వైపు చూశాను.

రాత్రి, పదకొండూ నలభై.
"ఇతరం. గాలికి కిటికీ కొట్టుకుంది, ఉలిక్కిపడ్డాను.
లేచి గడియ పెట్టాను. సగం రొట్టె తిన్నాను,
సగం గుడ్డలో చుట్టి పెట్టాను.
రోజూ నన్నే అడుగుతావు.
నువ్వు తిన్నావా?"

ఫోనుకు ఈ జవాబు నేను రాసిపెట్టలేదు.
తెర ముందు కూర్చునే ఉన్నాను,
పొద్దున్నించీ ఏమీ తినలేదని
అప్పుడు గుర్తొచ్చింది.