బిగబట్టు

ఉలవపాడు దాటి సముద్రం వైపు తిరిగితే
మామిడి తోటలు అయిపోయి సరుగుడు మొదలయ్యే చోట
క్షయ ఆసుపత్రి ఉండేది.
ఉండేది అంటున్నాను గానీ గోడలింకా ఉన్నాయి,
ఆసుపత్రే లేదు.

పెళ్ళిళ్ళు లేని మూఢంలో వెళ్ళాను.
కందుకూరులో నాది చిన్న స్టూడియో.
ఏడాదంతా నవ్వండి నవ్వండి అని అరిచి అరిచి
ఎవరినీ నవ్వమనక్కర్లేని చోటు వెతుక్కుంటూ
కెమెరా భుజాన వేసుకుని వెళ్ళాను.

గేటు దగ్గర మాలకొండయ్య.
కాపలా ఎవరు పెట్టారో, జీతం ఎప్పుడాగిందో
ఆయనకే సరిగా గుర్తు లేదు.
"ఒంగోలోళ్ళు పెట్టినారు నన్ను.
ఇప్పుడు మమ్మల్ని నెల్లూరులో కలిపినారంట గదా,
ఇంక తీసెయ్యాలన్నా ఎవురు తియ్యాల?"
నవ్వాడు. దగ్గాడు. మళ్ళీ నవ్వాడు.

లోపల నాకు కావలసినవన్నీ ఉన్నాయి.
పెంకులు జారిన చోట పలకలుగా దిగిన వెలుగు,
తుప్పుపట్టి ఒకదాని మీదొకటి పడున్న ఇనప మంచాలు,
పచ్చ గోడ, నడుమెత్తు దాకా తారు నలుపు,
కిటికీలోంచి చెయ్యి పెట్టిన తుమ్మ కొమ్మ.
ఎనిమిదో మంచం పక్కన తారు మీద గోటి గీతలు.
రోజుకో సూది, సూదికో గీత.
అరవై ఒకటి దాకా లెక్కపెట్టి
తర్వాతది కనపడకపోతే
లెన్సు మార్చుకున్నాను.

"కాస్త పక్కకి జరుగు పెద్దాయనా, నీడ పడతా ఉంది."
ఎన్నిసార్లన్నానో.
జరిగాడు. తలుపు చాటుకి, స్తంభం చాటుకి,
చివరికి వరండా కిందికి.
"వొచ్చినోళ్ళందురూ అదే అంటార్లే.
మొన్న మద్రాసు నుంచి ఇద్దురు ఆడపిల్లకాయలు...
మనుషులు లేకుండా కావాలంట, బొమ్మలు."

ఎక్స్‌రే గది తలుపు భుజంతో నెట్టాల్సొచ్చింది.
గబ్బిలాల కంపు. నేలంతా ఫిల్ములు,
తేమకి ఒకదానికొకటి అతుక్కుని.
ఒకటి ఊడదీసి వెలుతురుకి పెట్టాను.
పక్కటెముకలు, ఎడమవైపు పైన మబ్బు తునక,
మూలన సీసం అంకెలు. పేరు లేదు.
ఈ నలుపు నేనెరుగుదును.

ఎనభైలో, గ్రహణం నాడు
మా వీధిలో తలుపులన్నీ బిగించుకుంటే
కాంపౌండరు జక్రయ్య కొడుకు
ఇలాంటిదే కత్తిరించి మాకు తలా ముక్కా పంచాడు.
ఎముకల మీదుగా చూస్తే కళ్ళు జిగేల్‌మన్నాయి.
"నల్లగుండే చోట పెట్టి చూడరా" అన్నాడు.
ఊపిరి నిండిన చోటే ఫిల్ము నల్లబడుతుందని
అప్పుడు నాకు తెలియదు.
ఎవరిదో ఊపిరి కళ్ళకి అడ్డం పెట్టుకుని
కొరికిన అప్పడం లాంటి సూర్యుణ్ణి చూసి
చప్పట్లు కొట్టాను.

"నాది గూడా ఉంటది అందులో."
గడప అవతలే నిలబడ్డాడు,
మళ్ళీ నీడ పడుతుందని.
"తొమ్మిది నెలలుండా ఈడ. బాగైపొయ్యి ఇంటికి పొయినా.
గ్లాసు విడిగా పెట్టినారు.
మళ్ళా వొచ్చేసినా.
పద్నాలుగు తీసినారు అబ్బయా, ఆ మిషన్లో.
లోపలిది అన్నిసార్లు తీసినారు గదా,
బయటిది ఎవురూ తియ్యలా."

"ఆధారు కార్డులో ఉంటుందిగా?"
"అది నేనంటే బ్యాంకోళ్ళే నమ్మరు."

పచ్చ గోడ ముందు నిలబెట్టాను.
చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.
రెడీ అన్నాను.
అంతే,
గడ్డం పైకెత్తి
చేతుల్ని నడుముకి ఆనించి
మోచేతులు ముందుకి తోసి
ఎదురుగా చల్లటి పలక ఉన్నట్టు
గుండెలనిండా పీల్చి
బిగబట్టాడు.

నొక్కాను. ఇంకోటి నొక్కాను.
వంగి తెర మీద చూసుకుంటున్నాను,
ఫోకస్ కుదిరిందా, గోడ మరీ పచ్చగా వచ్చిందా అని.
తలెత్తేసరికి
మెడనరాలు ఉబ్బి, కళ్ళల్లో నీళ్ళూరి
ఇంకా అలాగే ఉన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను.
వదలమని చెప్పాలని
నాకెవరూ నేర్పలేదు.